గుండె నెంబరు

సత్యవ్వ ఒక తప్పు చేసింది. చేసిన రోజున అది తప్పని ఎవరూ అనలేదు, పైగా వాడకట్టు ఆడవాళ్లంతా మంచిపని చేశావని మెచ్చుకున్నారు. మూడేళ్ల కింద ఆమె కొడుకు దేవదాస్‌కు హైదరాబాద్ పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్ అయింది. వాడు తన కాళ్ల మీద తాను నడిచి సిరిసిల్ల బస్టాండులో దిగిన పదకొండో రోజున సత్యవ్వ రోగాన్ని మూట కట్టింది. పెద్ద జబ్బు నుంచి లేచిన మనిషి కప్పుకున్న దుప్పటి, పడుకున్న చాప, తాగిన గ్లాసు, మందుల చీటీలు అన్నీ ఒక్క మూటలో వేసి, మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పి, మానేరు ఏట్లో వదిలేసి వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. రోగానికి మళ్లీ మన గడప గుర్తు రాకూడదని అలా చేస్తారు. ఆ మూటలో ఆసుపత్రి వాళ్లిచ్చిన కార్డు కూడా వెళ్లిపోయింది. ఆపరేషన్ ఏ రోజు చేశారో, ఎవరు చేశారో, లోపల ఏం పెట్టారో రాసి ముద్ర కొట్టిన కార్డు అది. అక్షరం ముక్క రాని మనిషికి మందుల చీటీ అయినా, ముద్ర కార్డయినా ఒకటే. అందులో ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

దేవదాస్‌ది చిన్ననాటి జబ్బు. పదేళ్లప్పుడు గొంతునొప్పితో మొదలై కీళ్లలోకి దిగిన జ్వరం, కీళ్లను వదిలేసి గుండెను పట్టుకుంది. పద్దెనిమిదేళ్లకు వాడు సాంచాల కార్ఖానాలో ఈ చివరి మరమగ్గం నుంచి ఆ చివరి మగ్గం దాకా నడవలేక మధ్యలో కూలబడేవాడు. గుండెలో ఒక తలుపు పాడైంది, సరిగ్గా మూసుకోవడం లేదు, దాన్ని తీసేసి లోహపు తలుపు పెట్టాలి అన్నాడు హైదరాబాద్ డాక్టరు. "పదిమందికి చేస్తే తొమ్మిది మంది ఇంటికి వెళ్తారమ్మా" అని కూడా అన్నాడు, దాచకుండా.

"గా పదోడు నా కొడుకు గాడు సారూ" అంది సత్యవ్వ. "ఎవడైతడో మీరే చూస్కోండ్రి."

డాక్టరుకు నవ్వు వచ్చింది. ఆమెకు రాలేదు, ఆమె నిజంగానే అంది.

ఆ వార్డులో ఆరు మంచాలుండేవి. పెగడపల్లి నుంచి వచ్చిన అయిదేళ్ల పిల్లకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం. దాన్ని మూసి కుట్టిన నాలుగో రోజుకే ఆ పిల్ల మంచాల మధ్య ఉరుకుతుంటే నర్సులు వెంటబడి పట్టుకోవాల్సి వచ్చింది. పిల్లల ఒళ్లు అలాంటిది, కోసినా కుట్టినా ఆట మరిచిపోదు. పెద్దవాళ్ల సంగతి వేరు. కిటికీ పక్క మంచం మీది రైతుకు నలభై అయిదేళ్లు ఉంటాయి. రేపు లేస్తాడు, ఎల్లుండి లేస్తాడు అంటూనే పదో రోజు దాకా చూశారు. లేవలేదు. ఆయన భార్య చాప చుట్టుకుని వెళ్లిపోతుంటే సత్యవ్వ గుమ్మం దాకా సాగనంపి, వెనక్కి వచ్చి, కొడుకు మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చుంది.

దేవదాస్ లేచాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు రెండు సంగతులు చెప్పాడు. రోజూ సాయంత్రం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి, మానేస్తే కొత్త తలుపు దగ్గర రక్తం గడ్డకడుతుంది. రెండోది, ఒంటి మీద గట్టి దెబ్బ పడకూడదు. పలచబడ్డ రక్తం తొందరగా ఆగదు, లోపల కారుతున్నా పైకి తెలియదు. ఈ రెండు మాటలూ సత్యవ్వ మనసులో మేకుల్లా దిగిపోయాయి. ఇంకో సంగతి మాత్రం డాక్టరు చెప్పలేదు. ఆ తలుపు చప్పుడు చేస్తుంది. చెవి పెట్టక్కర్లేదు, చుట్టూ సద్దుమణిగితే టిక్కు టిక్కు మంటూ వినిపిస్తుంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ తన గుండె చప్పుడుకు తనకే నిద్ర పట్టక సతమతమైనవాడు, సిరిసిల్ల వచ్చి ఇరవై నాలుగు సాంచాల మోత పక్కన పడుకుని, పగలంతా మొద్దులా నిద్రపోయాడు.

మూడేళ్లు గడిచాక, బతుకమ్మ పండుగకు బీర్పూర్‌లో ఉన్న అక్క శాంతను పుట్టింటికి తోడ్కొని రావడానికి దేవదాస్ బయల్దేరాడు. ఇరవై ఒకటో ఏట ఉన్నాడు, మీసం దువ్వుకుంటున్నాడు. "నువ్వు పోకురా, కబురు పెడ్త, బావే తోల్కస్తడు" అని సత్యవ్వ నెత్తీనోరూ కొట్టుకుంది.

"ఆడివిల్లను తోల్కరావుడు తమ్ముని పని" అన్నాడు వాడు. "నన్ను గుడ్డు లెక్క దాసుకోనీకేనా గంత పెద్ద ఆపరేషన్ చేయిచ్చినవ్?"

వాడు వెళ్లాడు.

మర్నాడు పొద్దున శాంత ఒక్కతే వచ్చింది. సత్యవ్వ అరుగు మీద చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. బిడ్డ మొహం చూడగానే చేతిలోని ఆకు చేతిలోనే ఆగిపోయింది.

"తమ్ముడేడి బిడ్డా?"

"తమ్ముడు మా ఊరికి రానే లేదవ్వా. జగిత్యాల దాటినంక పోలీసోళ్లు బస్సాపి దింపిండ్రట. మా ఇంటి పక్క రుక్కమ్మ గదే బస్సుల ఉండె. మొగోళ్లందర్ని అంగీలు ఇప్పుమన్నరట. తమ్ముని రొమ్ము మీద మచ్చ చూసి జీపుల ఎక్కిచ్చుకొని పోయిండ్రట." శాంత అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ మచ్చ గురించి చెప్పాలి. గొంతు గుంట కింద మొదలై పొట్ట పైదాకా నిలువుగా ఒక గీత. దాని కింద అటొకటి ఇటొకటి గుండ్రటి మచ్చలు, ఆపరేషన్ తర్వాత గొట్టాలు పెట్టిన చోట. తెలిసినవాడికి అది గుండె ఆపరేషన్. తెలియనివాడికి రెండు తూటాలు దిగితే అడవిలో ఎవరో కోసి తీసి కుట్టిన గుర్తు. అవి ఎలాంటి రోజులో ఆ పక్క మనుషులకు నేను చెప్పక్కర్లేదు. కుర్రవాణ్ణి బస్సు దింపితే ఏ పుస్తకంలోనూ పేరెక్కేది కాదు. వారం తిరిగాక పేపర్లో ఒక మూల, ఎదురుకాల్పుల్లో గుర్తుతెలియని నక్సలైటు మృతి అని నాలుగు వరుసలు వచ్చేవి. తల్లి వెతుక్కుంటూ వెళ్లేసరికి బూడిద కూడా చల్లారిపోయి ఉండేది.

సత్యవ్వ ఏడవలేదు. ఏడుపు ఎక్కడికీ పోదు, తర్వాత తీరిగ్గా ఏడవొచ్చు. ఆమె గుండెలో కొట్టుకుంటున్నది ఒక్కటే. వాళ్లు చెయ్యి చేసుకుంటే? ఒక్క లాఠీ దెబ్బ చాలు, ఆగని రక్తం లోపలే కారిపోతుంది, పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియదు. చాట పక్కకు నెట్టి లేచింది. గూట్లోంచి మాత్రల పట్టీ తీసి కొంగున ముడేసింది.

"లే బిడ్డా. ముంగట కోరుట్లకు పోదాం."

కోరుట్లలో శంకరయ్య డాక్టరున్నాడు. చిన్ననాటి జ్వరం తిరగబెట్టకుండా ఇరవై ఒక్క రోజులకోసారి దేవదాస్‌కు వేయాల్సిన సూది సిరిసిల్లలో వేసే ధైర్యం ఎవరూ చేయలేదు, రియాక్షన్ వస్తుందని భయం. మూడేళ్లుగా ఈయనే వేస్తున్నాడు. సత్యవ్వ ఆయన గదిలోకి వరుసలో కూర్చున్నవాళ్లను దాటుకుని వెళ్లి, నిలబడే జరిగినదంతా చెప్పింది.

"ఒక్క కాయితం రాసియ్యి సారూ. గది ఆపరేషన్ మచ్చ, నేనే సూదులు పొడుస్తున్న అని రాసి సంతకం పెట్టు. చాలు."

డాక్టరు లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, మొహంలో నెత్తురు లేదంతే. "సత్యవ్వా, పోయిన నెల నా దోస్తును, డాక్టర్నే, తోల్కపోయిండ్రు. ఎవనికో కట్టు కట్టిండని. ఇప్పుడు నేను సంతకం బెడితే అడవిల కుట్లేసే డాక్టర్ నేనే అయిత. నాకు పిల్లలున్నరు."

"నాకు లేరా?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దసాగాడు.

"మూడేండ్ల సంది పొడవనీకి చెయ్యాడింది, రాయనీకి ఆడదా సారూ?"

డాక్టరు తల దించుకున్నాడు. మెల్లిగా అన్నాడు. "నా కాయితం ఎందుకు? పెద్దాసుపత్రి కార్డు ఉంటది గదా. గుండెల పెట్టిన తలుపుకు ఒక నెంబరుంటది. దేనిది దానికే, రెండో మనిషికి గా నెంబర్ ఉండది. కార్డు మీద రాస్తరు, హైదరాబాద్ రిజిస్టర్ల గూడ రాస్తరు. గా నెంబర్ చెప్తే ఎంత పెద్ద ఆఫీసరైనా కాదనలేడు. కార్డేది?"

సత్యవ్వకు గుర్తొచ్చింది. ఆపరేషన్ రోజున ఒక నర్సు పెద్ద పుస్తకం తెచ్చి, డబ్బా మీది నెంబరు పైకి చదివి రాసి, దాని కింద ఆమె వేలిముద్ర వేయించుకుంది. ఆ నెంబరు ఆమె చెవులారా విన్నది. ఒక్క అంకె గుర్తులేదు.

"ఏట్ల కలిపిన సారూ" అంది. "నా చేతులతోని నేనే కలిపిన."

బయటికొచ్చాక తనను తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. జగిత్యాల బస్సు ఎక్కేదాకా తిట్టుకుంటూనే ఉంది, శాంత చెయ్యి పట్టుకుని ఆపితే గానీ ఆగలేదు.

ఆ రాత్రి బీర్పూర్ వైపు బస్సు దొరక్క జగిత్యాల బస్టాండులోనే కూర్చుని, తెల్లారాక ఠాణాకు వెళ్లారు. ఆ ఠాణా ఏ ఊళ్లో ఉందో నేను చెప్పను. జగిత్యాల దాటాక బీర్పూర్ దారిలో అనుకోండి, చాలు. ఆ దారిలో ఉన్నది అదొక్కటే. ఇసుక బస్తాల వెనక తుపాకులు పట్టుకుని ఇద్దరున్నారు. ఆడవాళ్లిద్దరూ ఆగమన్న చోట ఆగలేదు. శాంత ఆగబోయింది గానీ తల్లి లాక్కుపోయింది. వరండాలో పెంటయ్య అనే ముసలి హవల్దారు అడ్డం వచ్చాడు.

"ఏడికి అవ్వా, తోటకా?"

"నా కొడుకు దగ్గరికి. దేవదాస్. రొమ్ము మీద మచ్చ."

పెంటయ్య ఎస్సై గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఉన్నడు. ఇంకా ఎవలు చెయ్యి పెట్టలే. మధ్యాన్నం సర్కిల్ సారొస్తడు, గాయన ముంగట అడుగుతరు."

వాళ్లు అడగడమంటే ఏమిటో సత్యవ్వకు తెలుసు. మధ్యాహ్నానికి ఇంకా రెండు గంటలే ఉంది. ఆమె పెంటయ్యను పక్కకు తోసి గదిలోకి నడిచింది.

ఎస్సై ఈ పక్క మనిషి కాడు, ముప్పై ఏళ్లుంటాయి. పైన ఫ్యాను గడగడలాడుతోంది. గోడవారగా ఊచల గది, అందులో ముగ్గురు కుర్రవాళ్లు. చొక్కా లేకుండా మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నవాడు దేవదాస్. తల్లిని చూసి లేచాడు. ఒంటి మీద దెబ్బల ఆనవాలు లేదు. ఆమె అన్ని వైపులా చూసి, అది ఖాయం చేసుకుని, అప్పుడు ఎస్సై వైపు తిరిగింది.

"నా కొడుకు సాంచ నడుపుతడు సారూ. వానికి గుండె ఆపరేషన్ అయింది. వాన్ని ముట్టుకుంటె సస్తడు."

"ప్రతి తల్లీ ఇదే చెబుతుంది" అన్నాడు ఎస్సై, కాగితాల మీంచి తలెత్తకుండా. "ఏ దళంలో ఉన్నప్పుడు తగిలాయి తూటాలు? ఎవడు కుట్టాడు? అది చెప్పమను, వదిలేస్తాను."

"తూటాలు గావు సారూ, నీళ్ల గొట్టాలు. ఆపరేషన్ అయినంక రొమ్ముల నీరు పోనీకి పెడ్తరు. నీకు తెల్వకపోతే అడుగు, తెల్సినట్టు మాట్లాడకు."

శాంత తల్లి కొంగు పట్టుకుని లాగింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు పోకపోతే వింత. ఫ్యాను మెల్లిగా తిరిగి తిరిగి ఆగిపోయింది. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఊచల వెనక నుంచి టిక్కు, టిక్కు, టిక్కు.

మొదట పెంటయ్య విన్నాడు. ఊచలకు చెవి ఆనించి, చప్పున వెనక్కి గెంతాడు. "సార్! గీ పోరని లోపట ఏదో టిక్కు టిక్కు మంటున్నది!"

ఎస్సై కుర్చీ వెనక్కి పడింది. గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ ఒక్క అంగలో వరండా దాటాడు. మందుపాతరల కాలం, వాళ్ల భయం వాళ్లది. ఎస్సై గోడకు ఆనుకుని, చెయ్యి నడుముకున్న పిస్తోలు మీద పెట్టి, "ఏంటది? ఏం కట్టుకున్నాడు?" అని అరిచాడు. చొక్కా కూడా లేనివాడు ఏం కట్టుకుంటాడో ఆ దేవుడికే తెలియాలి.

సత్యవ్వకు నవ్వాగలేదు. రెండు రోజుల భయం, కోపం, అన్నీ కలిసి నవ్వై బయటికొచ్చాయి. కడుపు పట్టుకుని నవ్వింది. "అయ్యో నా అవ్వో! ఇందరు తుపాకులు పట్టుకొని నా కొడుకు గుండెకాయకు బుగులు పడ్తున్నరు గదనే శాంతా! అది వాని పాణం సారూ. గట్ల కొట్టుకున్నన్ని దినాలే వాడుంటడు. రా, చెవి పెట్టి ఇను. కరవది."

ఎస్సై రాలేదు. పెంటయ్యే మళ్లీ వెళ్లి, ఊచల సందున దేవదాస్ రొమ్ము మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు. "నిజమే సార్. లోపట్నే మోగుతుంది" అన్నాడు.

నవ్వులపాలైన ఆఫీసరుకు కోపం రాక ఏమవుతుంది? ఎస్సై కుర్చీ లేపి కూర్చుని బల్ల మీద గుద్దాడు. "సరే, ఆపరేషనే. కాగితం ఏది? ముద్ర ఏది? నోటిమాటకు వదిలేయడానికి ఇది ధర్మసత్రమా?"

"కాయితం లేదు" అంది సత్యవ్వ. ఆ టిక్కు టిక్కు వింటుంటే ఆమెకు ఎక్కడ లేని తెగింపు వచ్చింది. "కాయితం లేదు గని నెంబరున్నది. రాస్కో."

ఎస్సై కలం అందుకున్నాడు. సత్యవ్వ వీపు నిటారుగా పెట్టి, గొంతెత్తి చెప్పింది. "ఎస్, నాలుగు వేల రెండు వందల పదిహేడు!"

అది గుండె నెంబరు కాదు. ఆమె బీడీ కార్డు నెంబరు. పద్దెనిమిదేళ్లుగా సాయంత్రం పూట బీడీ కట్టలు అప్పగించే చోట వరుసలో నిలబడి, కట్టలు లెక్కపెట్టే టేకేదారు పిలవగానే గొంతు చించుకుని పలికిన నెంబరు. అక్కడ ఆమెను సత్యవ్వా అని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. నిద్రలో లేపి అడిగినా తడబడకుండా చెప్పగల నెంబరు ఆమెకు లోకంలో అదొక్కటే. చిన్నప్పుడు తల్లి వెంట బీడీల గంప మోసిన దేవదాస్‌కు ఆ నెంబరు తెలియదా? వాడు ఊచల వెనక మొహం గోడకు తిప్పుకున్నాడు.

"గది వాని గుండెల పెట్టిన తలుపు నెంబరు" అని ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది. "రేపు వాన్ని ఏ గుట్టకు తోల్కపోయినా, మొఖం కాలవెట్టినా, రొమ్ము కోస్తె గా తలుపు దొర్కుతది. దానికి నెంబరుంటది. హైదరాబాద్ పెద్దాసుపత్రి పుస్తకంల గా నెంబర్ పక్కన దేవదాస్, సిరిసిల్ల అని ఉంటది, కింద నా ఏలిముద్ర ఉంటది. గుర్తు తెల్వని శవమని నువ్వు రాయలేవు సారూ. ఇంకెవల్నన్న రాస్కో గని, నా కొడుకును మాత్రం గట్ల రాయలేవు!"

అన్నప్పుడు ఆ చివరి మాట ఆమెకు ఏమీ అనిపించలేదు.

ఎస్సై నెంబరు కింద రెండు గీతలు గీశాడు. ఫోను తిప్పి హైదరాబాద్‌కు ట్రంక్‌కాల్ బుక్ చేశాడు. "కలవనీ. నెంబరు తప్పయితే నువ్వు కూడా లోపలే" అన్నాడు.

"కలువనీ" అంది సత్యవ్వ. గోడ పక్కన చతికిలబడింది. ఆ గంట ఎలా గడిచిందో ఆమెకే తెలియాలి. ఫోను రెండుసార్లు మోగింది. మొదటిసారి గరగర తప్ప ఏమీ లేదు. రెండోసారి ఎవరో ఏదో అన్నారు, ఎస్సై హలో హలో అని అరిచి పెట్టేశాడు. లైన్లు కలవని ఆ కాలపు ఫోన్లను అందరూ తిట్టుకునేవాళ్లు. సత్యవ్వ ఒక్కతే దండం పెట్టుకుంది.

మధ్యాహ్నం దగ్గర పడింది. సర్కిల్ ఇన్‌స్పెక్టరు వచ్చే వేళ. నెంబరున్న మనిషి, నోరున్న తల్లి, బస్సు నిండా చూసిన జనం. ఎస్సై ఈ లెక్క లోపల వేసుకున్నట్టున్నాడు, గొంతు మెత్తబడింది. సొరుగులోంచి ఒక అచ్చు కాగితం తీశాడు.

"ఇదిగో, గొడవెందుకు? దళంలో ఉండి లొంగిపోయినట్టు వాడొక సంతకం, నువ్వొక వేలిముద్ర. ఇప్పుడే తీసుకెళ్లిపో. నెలకోసారి వచ్చి కనిపించి పోతే చాలు."

సిరా డబ్బా మూత తీసి ముందుకు జరిపాడు. సత్యవ్వ బొటనవేలు దానంతటదే లేచింది. తల్లి కదా. ఏ కాగితమైతేనేం, వాడు బయటికొస్తాడు, పొద్దుగూకే వేళకు మాత్ర వేసుకుంటాడు. వేలు సిరాకు తగలబోయింది.

"అవ్వా!" అని ఊచల వెనక నుంచి గట్టిగా వినిపించింది. "ముద్దర ఎయ్యకు. నేను సంతకం పెట్ట."

"ఊకో కొడుకా, బయటవడుదాం..."

"పెట్టనంటే పెట్ట. నేను ఏ దళంల లేను, లొంగిపోవుడెందుకు? ఇయ్యాల గిది రాసిస్తె నెలనెలా వీళ్లు పిలుస్తరు. నన్ను పోలీసోళ్ల మనిషి అని అటు అడివిల ఉన్నోళ్లు అనుమానపడ్తరు. గీ మచ్చ డాక్టర్ పెట్టిండు. నేను ఎనిమిదేండ్లు ఊపిరాడక సచ్చుకుంట బతికి తెచ్చుకున్న మచ్చ. దీన్ని తూటా అని నేను రాసియ్య, పాణం పోయినా రాసియ్య!"

సత్యవ్వ కొడుకు వైపు చూసింది. మూడేళ్లుగా వాణ్ణి పగిలే కుండలా చూసుకుంది, బరువు ఎత్తనివ్వలేదు, పరుగెత్తనివ్వలేదు. అక్కడ నిలబడ్డవాడు పగిలే మనిషిలా లేడు. ఆమె వేలు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది, సిరా అంటకపోయినా.

"విన్నవు గదా సారూ. వాడు పెట్టడట. నేను గూడ పెట్ట. నెంబర్ నీ దగ్గర్నే ఉన్నది, ఏం చేస్తవో చెయ్యి."

ఎస్సై కాగితం ఉండచుట్టి మూలకు విసిరాడు. "పెంటయ్యా, తియ్యి తలుపు. తీసుకుపో నీ గడియారాన్ని. మళ్లీ ఈ రోడ్డు మీద కనపడ్డాడంటే చూడు."

"కనవడ్తడు" అంది సత్యవ్వ. "వాని అక్క బీర్పూర్లనే ఉంటది. పండుగ పండుగకు కనవడ్తడు."

పెంటయ్య నవ్వు దాచుకుంటూ తాళం తీశాడు. దేవదాస్ చొక్కా తొడుక్కుని బయటికొచ్చాడు. అప్పుడు ఊచల వెనక మిగిలిన ఇద్దరిలో ఒకడు, ఎర్ర చొక్కావాడు, గోడ పట్టుకుని లేచాడు. వాడి ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. వాడి మీద చెయ్యి ఎప్పుడో పడింది.

"అవ్వా" అన్నాడు మెల్లిగా. "నాకు ఏ నెంబర్ లేదవ్వా."

తిట్టలేదు, అడుక్కోలేదు. ఉన్నమాట చెప్పాడు. ఇంకెవల్నన్న రాస్కో అని తన నోటితో తాను అన్న మాట సత్యవ్వ చెవుల్లో మళ్లీ వినిపించింది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"నీ పేరేంది కొడుకా? ఏ ఊరు?"

"ఏసయ్య. గొల్లపల్లి."

"నడువ్!" అని ఎస్సై అరిచాడు. వాళ్లు నడిచారు.

ముగ్గురూ జగిత్యాల బస్టాండులో దిగారు. పొద్దు వాలుతోంది. శాంత నీళ్లు తెచ్చింది, దేవదాస్ మాత్ర వేసుకున్నాడు. వాడికి కాస్త ప్రాణం లేచొచ్చి, "అవ్వా, గది నీ బీడీ నెంబర్ గదనే! గా ఎస్సై కింద గీతలు గూడ కొట్టుకున్నడు!" అని నవ్వాడు. శాంత కూడా ఏడుస్తూనే నవ్వింది. సత్యవ్వ నవ్వలేదు. ఆమె చూపు ఎదురుగా నిలబడ్డ బస్సు మీద ఉంది. గొల్లపల్లి బస్సు. జనం నిండిపోయారు, డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

ఆమె వెళ్లి బస్సు మెట్టెక్కి నిలబడింది. బీడీల దగ్గర నెంబరు పలికే గొంతుతో అరిచింది.

"గొల్లపల్లోళ్లు ఎవలన్న ఉన్నరా? మీ ఊరి ఏసయ్య ఠాణాల ఉన్నడు. బీర్పూర్ తొవ్వల ఠాణా. పాణంతోని ఉన్నడు. ఇయ్యాల మంగళారం, పగటీలి నేను నా కండ్లతోని చూసిన!"

బస్సులో మాటలన్నీ ఆగిపోయాయి. ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. కొందరు కిటికీలోంచి బయటికి చూశారు, అక్కడేదో పెళ్లి జరుగుతున్నట్టు. కండక్టరు ఉరికొచ్చాడు. "దిగవ్వా, దండం పెడ్త. మమ్ముల గూడ పట్టిస్తవా ఏంది?"

"దిగ" అంది సత్యవ్వ, రెండు చేతులా ఊచ పట్టుకుని. "ఎర్రంగి తొడుక్కున్నడు. ఎడమ కన్ను వాసింది. ఏసయ్య, గొల్లపల్లి. చూసింది నేను, నా పేరు సత్యవ్వ, సిరిసిల్ల. రేపు ఎవలన్న లేడంటే, తెల్వదంటే, సత్యవ్వ చూసిందని చెప్పుండ్రి. పిలిస్తె వస్త. ఎవల ముంగటనైనా చెప్త!"

కండక్టరు ఆమె చెయ్యి విడిపించబోయాడు. అప్పటికే వెనక వచ్చి నిలబడ్డ దేవదాస్ అతని మణికట్టు పట్టుకుని పక్కకు తీశాడు. సత్యవ్వ ఇంకోసారి చెప్పడానికి ఊపిరి తీసుకుంది.

చివరి సీటులోంచి ఒకామె లేచింది. ఒళ్లో ఉన్న ఎరువు సంచీ పక్కనామెకిచ్చి, జనం మధ్య నిలబడింది. "చర్చి ఎనుక ఇంటి ఏసయ్యనా?" అంది. "వాని తల్లి నాలుగొద్దుల సంది అన్నం ముడ్తలేదు. నువ్వు నిజంగ చూసినవా అవ్వా?"

"చూసిన బిడ్డా. నాతోని మాట్లాడిండు." సత్యవ్వ ఊచ వదల్లేదు. "నీ పేరేంది? నేను ఎవలికి చెప్పిన్నో నాకు గూడ తెల్వాలె."

ఆమె బస్సంతా ఒకసారి చూసింది. దించుకున్న తలలను, కండక్టరును, బస్టాండు గేటు దగ్గర నిలబడ్డ పోలీసును కూడా చూసింది. కొంగు నడుముకు దోపుకుంది.

"కొమురమ్మ" అంది, అందరికీ వినపడేలా. "గొల్లపల్లి కొమురమ్మ."